బీరు కాచడానికి మూడు స్టీలు డ్రమ్ములు అక్కర్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో, ప్రవాసుల పేజీలో, అమెరికాలో ఇంట్లోనే బీరు కాచుకునే మనవాళ్ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం మన భాషలో చదవడం సంతోషంగా అనిపించింది. కానీ అందులో మూడు మాటలు నన్ను ఊరుకోనివ్వలేదు. మాల్టు కడగడానికి మూడు స్టీలు డ్రమ్ములు, ఒక పంపు, పైనుంచి నీళ్లు చల్లే గొట్టం తప్పనిసరి అన్నారు. కడగడానికి మరిగే నీళ్లు పోయాలన్నారు. మాల్టు సంచిని పిండితే బీరు పాడైపోతుందన్నారు. మొదటి మాట చదివినవాళ్లు ఈ పని అసలు మొదలే పెట్టరు. రెండో మాట నమ్మి మొదలుపెట్టినవాళ్లు బీరు సింకులో పారబోసుకుంటారు. నాకు రెండూ అనుభవమే, అందుకే రాస్తున్నాను.

నేను ఉండేది విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో. పాబ్స్ట్, ష్లిట్జ్, మిల్లర్ లాంటి బీరు కంపెనీలు పెరిగి పెద్దవైన ఊరు ఇది. రెండో అంతస్తులో చిన్న అపార్ట్‌మెంటు మాది. గరాజ్ లేదు, బాల్కనీ లేదు. వంటింట్లో నాలుగు కాయిల్స్ ఉన్న కరెంటు పొయ్యి, అందులో ఒకటి సరిగా వేడెక్కదు. ఈ పొయ్యి మీదే ఆరేళ్లుగా బీరు కాస్తున్నాను.

చట్టం సంగతి కూడా మీ వ్యాసంలో లేదు, అది ఉండాల్సింది. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి వీలు కల్పించే చట్టం మీద 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం చేశారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. ఆ తర్వాత కూడా రాష్ట్రాలు ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ వచ్చాయి, అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. మన ఆంధ్రలో, తెలంగాణలో మాత్రం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం. ఇంటి బీరుకు మినహాయింపేమీ లేదు. మీ పత్రిక అక్కడా చదువుతారు కాబట్టి ఈ మాట స్పష్టంగా రాయాలి.

ఇక అసలు విషయం. బీరుకు మూలం మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. దాన్ని బరకగా మరపట్టించి, 65 నుంచి 68 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడితే గింజలోనే ఉన్న ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. గంట తర్వాత గిన్నెలో తియ్యటి ద్రవం, దాన్ని పీల్చుకుని ఉబ్బిన పిప్పి మిగులుతాయి. ఆ ద్రవాన్ని వోర్ట్ అంటారు. దించేసినదాంట్లో ఎంత తీపి ఉంటుందో, పిప్పి పట్టుకుని కూర్చున్న ద్రవంలోనూ అంతే తీపి ఉంటుంది. కిలో మాల్టు దాదాపు ఒక లీటరు పట్టి ఉంచుతుంది. వేడి నీళ్లతో ఆ తీపిని కడిగి తెచ్చుకోవడాన్నే స్పార్జింగ్ అంటారు. చల్లడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది ఆ పేరు. పేరు చూసి భయపడనక్కర్లేదు. ఒకసారి పిసికి రసం తీసిన చింతపండులో మళ్లీ నీళ్లు పోసి పిసకడం మనింట్లో అందరికీ తెలిసిన పనే.

ఈ ముక్క నాకు ఎవరైనా మొదట్లోనే చెప్పి ఉంటే రెండేళ్లు కలిసొచ్చేవి. సామాన్లు అమ్మే దుకాణంలో అడిగితే, మూడు పాత్రల సెట్టు లేకుండా మాల్టుతో కాయడం కుదరదని, చేతకాకపోతే డబ్బాలో వచ్చే మాల్టు పాకంతో సరిపెట్టుకోమని చెప్పారు. నమ్మాను. రెండేళ్లు ఆ పాకంతోనే కాచాను. తర్వాత ఒకరోజు తెగించి, ఉన్న గిన్నెలోనే 2.3 కిలోల మాల్టు గుడ్డ సంచిలో వేసి నానబెట్టాను. గంటయ్యాక సంచి పైకెత్తి, కారినంత కారనిచ్చి, సంచిని చెత్తబుట్ట పక్కన పెట్టి, తగ్గిన నీళ్లు కుళాయి కింద పట్టి పోసేశాను. కడగడం అనే ఆలోచనే లేదు. చివరికి హైడ్రోమీటరు (ద్రవంలో తీపి ఎంతుందో చూపే సాధనం, ఉత్త నీళ్లలో 1.000 చూపిస్తుంది) 1.038 చూపించింది. అంత మాల్టుకు అది చాలా తక్కువ.

అప్పుడు మా నాన్న ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. మాది అనకాపల్లి జిల్లా, చోడవరం పక్క పల్లె. నాన్న నలభై ఏళ్లు చెరకు పండించి, సొంత గానుగ మీద బెల్లం వండినవారు. ఆయన మందు ముట్టరు. నేను చేస్తున్నది ఆయనకు ఇష్టం లేదని నాకు తెలుసు. అయినా వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చూశారు, ఎందుకంటే పొయ్యి మీద పెద్ద గిన్నె, తీపి వాసన, పైకి తేలే నురగ ఆయనకు బాగా ఎరిగినవి. నేను సంచి పక్కన పెట్టగానే లేచి వెళ్లి, ముడి విప్పి, గుప్పెడు పిప్పి తీసి నోట్లో వేసుకున్నారు. చెరకు ముక్క నమిలినట్టు నమిలి, పిప్పి చేతిలోకి ఉమ్మి, దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశారు. "ఒరేయ్, ఇందులో తీపి సగం కూడా వదల్లేదురా. ఇది పారేస్తావా?" అన్నారు.

గానుగ దగ్గర ఒకసారి నలిగిన పిప్పిని మడిచి మళ్లీ రోలర్ల మధ్య పెట్టేవారు. ఎండు పిప్పి పొయ్యిలోకి, పచ్చి పిప్పి మళ్లీ గానుగలోకి, అది అక్కడి లెక్క. చక్కెర ఫ్యాక్టరీల్లో ఇంకో అడుగు ముందుకు వేసి, పిప్పి మీద నీళ్లు పోసి మళ్లీ నలగ్గొడతారు. బార్లీ పిప్పిని నోట్లో వేసుకున్న ఆ నిమిషంలోనే నాన్నకు అర్థమైన విషయం నాకు రెండేళ్లలో అర్థం కాలేదు. ఆ సాయంత్రమే ఆయన చెప్పినట్టు ఇంకో గిన్నెలో నీళ్లు కాచి, అదే సంచిని అందులో ముంచి తీశాం. ఆ నీళ్లు కూడా టీ రంగుకు తిరిగాయి. చల్లార్చి ఆయనకు గ్లాసులో పోసి ఇచ్చాను, ఈస్ట్ పడేదాకా అందులో మద్యం ఉండదు కదా. చెరకు రసం తాగినట్టు తాగి, "కమ్మగా ఉంది" అన్నారు.

అప్పటినుంచి నేను చేసే పద్ధతి వివరంగా రాస్తాను. చిన్న ఇంట్లో ఉండేవాళ్లకు ఇదే సరిపోతుందని నా నమ్మకం.

నా దగ్గర ఉన్నవి 19 లీటర్ల స్టీలు గిన్నె ఒకటి, పండగలకు పులిహోర అన్నం వండే 12 లీటర్ల గిన్నె ఇంకొకటి. రంగులు వడగట్టడానికి హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే కొత్త నైలాన్ జాలీ సంచి పది డాలర్లలోపే దొరుకుతుంది. ఇవి కాక ఒక థర్మామీటరు, ఒక చిల్లుల గిన్నె, ఓవెన్ లోపలి ఇనుప అర. అంతే. పెద్ద గిన్నెలో 7 లీటర్ల నీళ్లు 73 డిగ్రీలకు కాచి, పొయ్యి ఆపి, సంచి పరిచి, 2.3 కిలోల మాల్టు కొద్దికొద్దిగా పోస్తూ కలుపుతాను. ఉప్మా రవ్వలాగే ఇదీ ఉండ కడుతుంది, ఉండ లోపల గింజ పొడిగానే ఉండిపోతుంది కాబట్టి కలపడంలో బద్ధకం పనికిరాదు. కలిపాక వేడి 67 దగ్గర నిలుస్తుంది. మూతపెట్టి, పాత రజాయి చుట్టి గంట వదిలేస్తాను. సంచి లోపలుండగా కింద పొయ్యి వెలిగించకూడదు, నైలాన్ అడుగంటి కరుగుతుంది.

ఆ గంట గడిచేలోగా రెండో గిన్నెలో ఇంకో 7 లీటర్లు 77 డిగ్రీలకు కాస్తాను. ఇక్కడి లెక్కలో 170 ఫారెన్‌హీట్. గంటయ్యాక సంచిని నెమ్మదిగా పైకెత్తి, గిన్నె మీద అడ్డంగా పెట్టిన ఇనుప అర మీద, చిల్లుల గిన్నెలో కూర్చోబెడతాను. ఐదారు నిమిషాల్లో కారేది కారిపోతుంది. పెద్ద గిన్నెలో దాదాపు 5 లీటర్ల చిక్కటి వోర్ట్ ఉంటుంది. అప్పుడు సంచిని రెండో గిన్నెలో ముంచి, మూతి తెరిచి, గరిటెతో అడుగుదాకా కలుపుతాను. పది నిమిషాలు. అసలు కడగడం ఈ కలపడంలోనే ఉంది, ఊరికే ముంచి తీస్తే సంచి మధ్యలో తీపి అలాగే ఉండిపోతుంది. మళ్లీ ఎత్తి, కారనిచ్చి, ఆ నీళ్లు పెద్ద గిన్నెలో కలిపేస్తాను. అక్కడికి 12 లీటర్లు. గంటసేపు మరిగిస్తే తొమ్మిదిన్నర మిగులుతుంది. అదే మాల్టు, అదే తూకం, హైడ్రోమీటరు ఇప్పుడు 1.052 చూపిస్తుంది. మొదటిసారి పారేసిన తీపి ఎంతో ఈ రెండు అంకెలే చెబుతాయి.

రెండో గిన్నె కూడా లేనివాళ్లు సంచిని చిల్లుల గిన్నెలోనే ఉంచి, పైనుంచి చెంబుతో నీళ్లు తిప్పి తిప్పి పోసుకోవచ్చు. ముంచినంత బాగా దిగదు గానీ ఏమీ చేయకపోవడం కంటే ఎంతో మేలు.

ఇక మరిగే నీళ్ల మాట. మూడోసారి కాచినప్పుడు, వేడి ఎక్కువైతే తీపి ఎక్కువ దిగుతుందనుకుని సలసల మరిగే నీళ్లే పోశాను. బీరు తయారయ్యాక నోట్లో పోసుకుంటే నాలుక పట్టేసింది. వగరు. పచ్చి వక్క నమిలితే ఎలా ఉంటుందో అలా. నెల ఆగి చూశాను, తగ్గలేదు. మొత్తం పారబోశాను. బార్లీ పొట్టులో టానిన్లనే వగరు పదార్థాలుంటాయి. మాల్టు చిక్కగా నానుతున్నంతసేపూ ఆ నీళ్లు కొంచెం ఆమ్లంగా ఉంటాయి, పీహెచ్ ఐదున్నర దగ్గర (ఈ అంకె పెరిగితే ఆమ్లత్వం తగ్గినట్టు), అప్పుడు టానిన్లు కదలవు. జర్మనీలో ఒక పాత పద్ధతిలో మాల్టును కొంత తీసి నేరుగా మరిగిస్తారు కూడా, అది వగరెక్కదు, ఎందుకంటే ఆమ్లత్వం పోలేదు కాబట్టి. కడిగేకొద్దీ ఆ ఆమ్లత్వం కొట్టుకుపోతుంది. పీహెచ్ ఆరు వైపు పోయి, దానికి వేడి కూడా తోడైతే పొట్టులోని వగరు నీళ్లలోకి దిగుతుంది. పైగా గింజలో మారకుండా మిగిలిన పిండి కూడా ఆ వేడికి కరిగి వస్తుంది. ఎంజైములు అప్పటికే చచ్చిపోయి ఉంటాయి కాబట్టి అది చక్కెర కాదు, బీరు మబ్బుగా ఉండిపోతుంది.

అందుకని 77 దాటనివ్వను, కడిగే నీళ్లలో ఒక టేబుల్ స్పూను నిమ్మరసం వేస్తాను. మాకు వచ్చేవి మిషిగన్ సరస్సు నీళ్లు, క్షారం కాస్త ఉంటుంది. మీ కుళాయి నీళ్లు వేరుగా ఉండొచ్చు, పీహెచ్ కాగితం పట్టీతో చూసుకుని వేసుకోండి. నీళ్లలోని క్లోరిన్ పోగొట్టడానికి క్యాంప్‌డెన్ మాత్రలు దొరుకుతాయి. ఒక మాత్ర 75 లీటర్లకు సరిపోతుంది, మనకు చిన్న ముక్క చాలు. ఇది వేయకపోతే బీరులో ఆస్పత్రి వాసన వస్తుంది.

ఇంకోసారి కడగాలా అని నాన్న అడిగారు. నిజమే, పిప్పిలో ఇంకా కాస్త తీపి ఉంటుంది. కానీ అలా కడిగిన నీళ్లు చల్లార్చి చూస్తే 1.008 చూపించింది. 1.010 కంటే కిందికి దిగాక వచ్చే తీపి తక్కువ, వగరు ఎక్కువ. అక్కడ ఆపేయడమే మంచిది. చల్లార్చి అని ఎందుకన్నానంటే, వేడి ద్రవంలో హైడ్రోమీటరు తప్పు చూపిస్తుంది, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

సంచి పిండకూడదన్న మాటకు ఆధారం నాకు ఎక్కడా కనిపించలేదు. వగరు వచ్చేది వేడి వల్ల, పీహెచ్ వల్ల. పిండడం వల్ల కాదు. నాలుగేళ్లుగా రబ్బరు గ్లవ్స్ వేసుకుని గట్టిగానే పిండుతున్నాను. పిండితే కిలోకు మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల చిక్కటి వోర్ట్ అదనంగా వస్తుంది. కాస్త మడ్డి కలుస్తుంది, అది మరిగేటప్పుడు, పులిసేటప్పుడు అడుగుకు చేరుతుంది.

ఇంకో విషయం, చాలామంది నమ్మరు. చన్నీళ్లతో కూడా కడగొచ్చు. చక్కెర అప్పటికే కరిగి ఉంది, దాన్ని కరిగించడానికి వేడి అక్కర్లేదు. ఒకసారి పొయ్యి మీద రెండో గిన్నెకు చోటు లేక కుళాయి నీళ్లతోనే కడిగితే 1.050 వచ్చింది. మరిగే స్థితికి రావడానికి మా కాయిల్ పొయ్యికి ఇంకో ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, నష్టం అంతే.

గోధుమ మాల్టు, ఓట్స్ కలిపి కాచేవాళ్లకు ఒక సలహా. వాటికి పొట్టు ఉండదు, జిగురుగా ముద్దకట్టి నీళ్లు దిగనివ్వవు. గుల్లగా ఉంచడానికి ఇక్కడి దుకాణాల్లో వరి ఊక అమ్ముతారు. మొదటిసారి ఆ పాకెట్టు చేతిలోకి తీసుకున్నప్పుడు చాలాసేపు అలాగే చూస్తూ ఉండిపోయాను. మా ఊరి రైసు మిల్లు వెనక గుట్టలుగా పోసి ఉండే ఊక, పిల్లలం ఎక్కి జారే ఊక, శుభ్రంగా సంచి కట్టి పౌండ్ల లెక్కన! గుప్పెడు తీసి బాగా కడిగి మాల్టులో కలిపితే నీళ్లు సాఫీగా దిగుతాయి. సంచి పద్ధతిలో ఇది అంతగా అవసరం పడదు గానీ, జాలీ అమర్చిన డబ్బాల్లో కాచేవాళ్లకు తప్పదు.

పెద్ద సెట్లు ఉన్నవాళ్ల మీద నాకేమీ కోపం లేదు. ఒక గంటసేపు పైనుంచి సన్నగా నీళ్లు చల్లుతూ, కింద అదే వేగంతో దించుకునే పద్ధతి మాల్టు నుంచి చాలా తీపి రాబడుతుంది. వందల లీటర్లు కాచే బ్రూవరీకి అది కావాలి. తొమ్మిది లీటర్లు కాచే మనకు దానివల్ల మిగిలేది గుప్పెడు మాల్టు ఖరీదు. ఆరెగాన్‌లో డెనీ కాన్ అనే ఆయన చౌక పిక్నిక్ కూలర్ డబ్బాలో, నల్లా గొట్టం మీది స్టీలు జాలీ అమర్చి, నీళ్లన్నీ ఒకేసారి పోసి కలిపి దించే పద్ధతిని ఇంటి బ్రూవర్లకు అలవాటు చేశారు. సంచిలోనే అంతా కానిచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆస్ట్రేలియా వాళ్లు. అసలు చల్లే పద్ధతి స్కాట్లాండు నుంచి వ్యాపించకముందు ఇంగ్లండులో బ్రూవర్లు ఒకే మాల్టు మీద రెండు మూడుసార్లు నీళ్లు పోసి దించేవారు. మొదటి నీళ్లతో ఏల్ అనే ఘాటైన బీరు, చివరి నీళ్లతో రోజూ తాగే పలచటి స్మాల్ బీర్. పంపులూ మీటర్లూ లేని రోజుల్లోనే పిప్పిలో తీపి మిగులుతుందని వాళ్లకు తెలుసు.

ఇప్పుడు మాకు మిగిలే పిప్పి కూడా వృథా పోదు. సగం ఓవెన్లో ఎండబెట్టి పిండి పట్టి చపాతీల్లో కలుపుతాం, మిగతాది కింది వీధిలో కోళ్లు పెంచే ఆవిడ తీసుకెళ్తుంది. నాన్న ఫోన్ చేసినప్పుడు ఇప్పటికీ బీరు గురించి అడగరు. "పిప్పి బాగా కడుగుతున్నావా?" అని అడుగుతారు.

వచ్చే ఆదివారం సంచికలో మిగతా రెండు మాటలకు చోటు లేకపోయినా, ఆ మరిగే నీళ్ల మాట మాత్రం సవరించి వేయండి. ఇక్కడ చలి మొదలైంది. కాచిన వోర్ట్ గిన్నెను బయట మంచులో పెట్టి చల్లార్చుకోవచ్చని చాలామంది ఇప్పుడే మొదలుపెడతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మిల్వాకీ, విస్కాన్సిన్